పికప్పు బండికి ఎనక దీపాలు

ఎనకకు పోవుడు నాకు చిన్నప్పటి నుంచే అలవాటు. మా ఊరి బడిలో నాలుగో తరగతి నుంచి మూడో తరగతికి వచ్చిన మొనగాన్ని నేనొక్కన్నే. నైజాం ఉన్నన్నాళ్లు ఉర్దూలో నాలుగో జమాతు దాకా ఎట్లనో నెట్టుకొచ్చిన. నైజాం పోయినంక బడి తెలుగులోకి మారింది. కొత్త పంతులు నా ముందట పలక పెట్టి 'అ' రాయమన్నడు, నేను అలవాటు కొద్ది కుడిపక్క నుంచి మొదలుపెట్టిన. ఆయన నా రెక్క పట్టి తీసుకపోయి మూడో తరగతిలో కూసోబెట్టిండు. ఇంకొన్నాళ్లుంటే ఒకటో తరగతికి, అక్కడినుంచి ఉయ్యాలకు చేరుస్తరేమోనని భయపడి బడి మానేసి గొర్ల ఎనక పోయిన. నా చదువు గింతే. ఈ రాతలో ఎక్కడన్న అక్షరం తప్పిపోతే, చదివేటోళ్లు తప్పిపోయిన గొర్రెను మందలో కలుపుకున్నట్టు కలుపుకోవాలె.

ఇదంతా ఇప్పుడు ఎందుకు యాదికి వచ్చిందంటే, మొన్న మా తమ్ముని మనుమడు కొత్త కారు కొన్నడు. "తాతా, ఎక్కు, ఒక చక్కరు కొట్టొద్దం" అని నన్ను ముందటి సీట్లో, తన పక్కకు కూసోబెట్టుకున్నడు. వాకిట్లో నుంచి ఎనకకు తీయాలె. స్టీరింగు పక్కనున్న చిన్న తెరలో ఎనకున్న గోడ, గోడ పక్కనున్న కుక్క, కుక్క గోకుకునుడు, అన్నీ సినిమా లెక్క కనబడుతున్నయ్. పైగా కారు టిక్కు టిక్కుమని కూస్తాంది. గోడ దగ్గరైన కొద్ది కూత జోరైతాంది. వాడు చక్రం తిప్పంగనే గోడ పక్కకు పోయింది, కూత బందైంది. కూత బందు కాంగనే నా కుడికాలు నన్నడగకుండనే లేచి, కింద పరిచిన చాపను గట్టిగ తొక్కి పట్టింది. వాడు నవ్విండు. "తాతా, నీ దిక్కు బ్రేకు లేదే" అన్నడు. "ఉంటే మంచిగుండు" అన్న. వాడు ఇంకింత నవ్విండు. కూత ఆగితే ఆగాలె అని ఆ కాలుకు నేర్పింది మా ఇంటామె. ఆమె పోయి ఎంత కాలమైందో లెక్కబెట్టాలంటే నేను వేళ్లు మడవాలె, కాలుకు మాత్రం నిన్ననే నేర్చుకున్నట్టున్నది.

అరవైల ముచ్చట ఇది. కల్వకుర్తిలో అప్పుడు మోటర్లు తక్కువ. ఏ మోటరు ఎవరిదో, అది దగ్గితే ఎట్ల దగ్గుతదో ఊరందరికి ఎరుకే. నాది పాత పికప్పు బండి. మిలిటరీవాళ్లు వాడి వాడి వదిలేసినంక ఎవరో వేలంలో కొన్నరు. వాళ్ల దగ్గర శ్రీశైలం రోడ్డు పని చేయించే కాంట్రాక్టరు కొన్నడు. ఆయన దగ్గర నేను క్లీనరుగ చేరి డ్రైవరునైన. ఆయన కొత్త లారీ తెచ్చుకున్ననాడు మా నాయిన సగం మంద అమ్మి ఆ బండి నాకు ఇప్పిచ్చిండు. పొడుగు మూతి, ఎనక కట్టెపలకల డబ్బా. రంగు ఏందని అడిగితే ఏ పక్క రంగు అని మళ్ల అడగాల్సి వచ్చేది. పొద్దుగాల హ్యాండిలు తిప్పి లేపాలె. చలికాలంలో మాత్రం బండి కంటె ముందుగాల నాకే చెమట పట్టేది. ఊర్ల నుంచి గొర్లు, మేకలు ఎక్కించుకొని పట్నం అంగడికి తోలుడు నా పని. ఒకసారి ఒక పొట్టేలు క్యాబిను ఎనక అద్దాన్ని కొమ్ముతోని పగులగొట్టి, తల లోపల పెట్టి, పట్నం దాకా నా భుజం మీద ఊపిరి తీసుకుంట వచ్చింది. ఆ తర్వాత ఆ కిటికీకి పలక కొట్టిన. పక్క అద్దాన్ని అంతకుముందే ఎడ్లబండి గీసుకొని పోయింది. అంటే, ముందటికి పోయేటప్పుడు నేను డ్రైవరును. ఎనకకు వచ్చేటప్పుడు కండ్లకు గంతలు కట్టిన గానుగెద్దును.

మా ఇంటామె నాకు మేనత్త బిడ్డ. చిన్నప్పటి నుంచి నేనొకటంటే తను రెండనేది, ఆ లెక్క తెగక పెద్దోళ్లు పెండ్లి చేసిండ్రు. మాకు పిల్లలు కాలేదు. ఇంట్లో ఒక్కదాన్ని కూసోని గోడలతోని మాట్లాడాలెనా అని ఆమెనే బండెక్కింది. ఆడమనిషి మోటరు మీద తిరుగుడేందని ఊరు కొన్నాళ్లు నవ్వింది. పడ్డ గొర్రెను లేపి నిలబెట్టుడు, తొక్కులాటలో పిల్లలను పక్కకు తీసుడు ఆమెకు వచ్చినంత మంచిగ ఏ క్లీనరుకు రాదని తెలిసినంక నవ్వు మానుకున్నది. బండి ఎనకకు తీసేటప్పుడు కందీలు దీపం పట్టుకొని ఎనక నిలబడి చెప్పేది కూడ ఆమెనే. అయితే మొదటినాడే మాకు పేచీ వచ్చింది.

"నేను ఎనక నిలబడి నిన్ను పిలువ బావా" అన్నది. "పనికి పోయేటోన్ని ఎనక నుంచి పిలువొద్దని మా అమ్మ చెప్పింది. పిలిస్తే పోయిన పని కాదు."

"మరి బండి ఏ రాతిగుండుకో తాకేటప్పుడన్న ఆగు అంటవా, అనవా?"

"ఆగు అని అసలే అన. నాలుగు రూపాయలు తెచ్చే బండిని పట్టుకొని ఆగు అంటరా ఎవరన్న?"

"గట్లయితే నువ్వెందుకే ఎనక? ఆడ గుండు ఉండనే ఉన్నది, అదీ మాట్లాడది."

కందీలు ఈ చేతిలకెళ్లి ఆ చేతికి మార్చుకున్నది. "బండిని రానీ రానీ అంట. అది నిన్ను పిలుసుడు కాదు, బండిని రానిచ్చుడు. నా నోరు ఆగిందంటే నువ్వు ఆగు."

"నీ నోరు ఆగేదెన్నడు, నేను ఆగేదెన్నడు! ఎనకకు ఎనకకే పోయి కృష్ణల పడుత."

"పడితే ముందుగాల పడేది నేనే. ఎనక ఉన్నది నేను గదా" అన్నది.

ఆ ఒప్పందం మీదనే మా సంసారం, మా బండి రెండూ నడిచినయ్. "రానీ… రానీ… రానీ" అని, ఊపిరి తీసుకునే సందు కూడ లేకుండ, రోకలి దెబ్బ పడ్డట్టు ఒక్క తీరుగ వచ్చేది ఆ గొంతు. అది వచ్చినంతసేపు నేను కండ్లు మూసుకొని కూడ రావొచ్చు. ఆగిందా, నా కాలు బ్రేకు మీద పడేది. ఒకసారి నడుమ తుమ్ము వచ్చి ఆగితే, నేను నడిరోడ్డు మీద ఆగి ఎనక బస్సోనితోని తిట్లు తిన్న. ఇంకోసారి కల్వకుర్తి అంగట్లో, నలుగురు ఆడోళ్లు ఉన్నకాడ, "మా ఇంటామె జొన్నరొట్టె ఒకటి బండిల ఎప్పుడూ పెట్టుకుంట, టైరు పంచరైతే పనికొస్తది" అన్న. అందరు నవ్విండ్రు. తను కూడ నవ్విందనే అనుకున్న. బండి సగం అంగట్లోకి, సగం రోడ్డు మీదికి ఉన్నది, నేను ఎనక గేరు ఏసి చూస్తున్న, ఎనక నుంచి చప్పుడు లేదు. నోరు తెరవదు. నేను కదలను. అటు బస్సు ఆగింది, ఇటు ఎడ్లబండ్లు ఆగినయ్. ఉల్లిగడ్డలమ్మేటామె లేచి వచ్చి, "తల్లీ, నీ కాల్మొక్త, ఒక్కసారి రానీ అను" అన్నది. మా ఇంటామె కొంగు సదురుకొని, "ఆ రొట్టెను అనుమనుండ్రి" అన్నది. ఇగ నేను కిందికి దిగి, గిసొంటి రొట్టె పాలమూరు జిల్లాలనే లేదని అంగడి నడుమ నిలబడి ఒప్పుకుంటే గాని బండి కదలలేదు. ఆ రోజు రానీ అన్నప్పుడు ఆ గొంతులో ఎంత గెలుపున్నదో ఇప్పటికీ నాకు వినబడుతది.

బండి ఎనకకు తీసుడు ఎంత ముఖ్యమో చెప్పాలంటే గుండ్లకాడి గట్టు గురించి చెప్పాలె. కల్వకుర్తికి కిందిదిక్కు ఒక ఊర్లో పెద్దగొల్ల ఉండె. పది ఇండ్ల గొర్లకు ఆయన మాటే మాట. ప్రతి అంగడికి నాకు ఆయన దగ్గరనే సరుకు. మిగతా పనులు ఉంటే ఉన్నయ్ లేకుంటె లేవు, ఆ ఒక్క పని మీదనే నా బండి బతికేది. గొర్రె కొత్త జాగాలోకి ఎగిరి ఎక్కది. కింద నేలా బండి పలకా ఒక్క తీరుగ ఉంటే నడిచి పోతది. అందుకని ఆయన రెండు పెద్ద గుండ్ల నడుమ మట్టి పోసి, బండి ఎత్తుకు గట్టు కట్టిచ్చిండు. బండి ఆ రెండు గుండ్ల సందులో నుంచి ఎనకకు పోయి గట్టుకు ఆనాలె. అటు జానెడు, ఇటు జానెడు. అదీ పొద్దు పొడవకముందే. ఎండ తగిలిందంటే గొర్లు తలకాయలు కిందికేసి ఒకదాని నీడలో ఒకటి దూరుతయ్, దేవుడొచ్చినా ఎక్కవు. చీకటి ఇంకా ఉండంగనే, ఆ సందులోకి, ఆ గొంతును పట్టుకొని పోయేటోన్ని. ఒక్కసారన్న గుండును గీసుకోలేదు.

ఒక చలికాలం పోయేముందర ఆమెకు జ్వరం పట్టింది. ఊర్లో మందులైనయ్, తగ్గలేదు. గొంగడి పరిచి బండి ఎనక పండబెట్టి పాలమూరు దవాఖానకు తీసుకపోయిన. ఆమె ఎక్కే జాగా అదే, గొర్ల జాగా. క్యాబిన్ల కూసోమంటే నడుము నిలువలేదు. దవాఖాన మెట్ల కాడికి బండి ఎనకకు తీయాలె. గేరు ఏసి, ఎవరన్న ఉన్నరా చెప్పేటందుకు అని అటిటు చూస్తున్న. పలకల సందులో నుంచి సన్నగ వినబడ్డది, రానీ. పండుకున్నామెకు ఎనక ఏమున్నదో ఏం కనబడుతది? అయినా అంటనే ఉన్నది, రానీ, రానీ, పాత రోకలి దెబ్బ కాదు, బియ్యం రాలినట్టు. నేను వస్తనే ఉన్న. ఒక కాడ ఆగింది. నేనూ ఆగిన. దిగి చూస్తే బండి మెట్లకు జానెడు దూరంలో ఉన్నది. మెట్లు వచ్చినయని ఆగిందా, ఇగ మాట రాక ఆగిందా, అడుగుదమంటే ఆమె మళ్ల మాట్లాడలేదు. బండి తిరిగి ఊరికి వచ్చిననాడు నేను వాకిట్లకు ఎనకకు తీయలేదు. రోడ్డు మీదనే ఆపిన. మోసుకపోయేటోళ్లు వచ్చి మోసుకపోయిండ్రు.

దినాలన్నీ అయినంక మళ్ల బండి తీసిన. ముందటికి మంచిగనే పోయింది. సమస్య ఎక్కడ వచ్చిందంటే, ఎనక గేరు ఏసినకాడ. గేరు ఏస్తున్న, క్లచ్చు వదులుతున్న, బండి జానెడు కదులుతాంది, ఎనక చప్పుడు లేదు, కాలు టక్కున బ్రేకు మీద పడుతాంది. ఇంజను బందు. మళ్ల దిగి హ్యాండిలు తిప్పుడు, మళ్ల ఎక్కుడు, మళ్ల జానెడు, మళ్ల బ్రేకు. పాపం, కాలు తప్పేముంది? చప్పుడు లేకుంటె ఆగుమని దానికి నేర్పిండ్రు. ఇప్పుడు లోకంలో ఎక్కడా చప్పుడు లేదు. చూసేటోళ్లు నేను పొద్దుగాలనే కల్లు తాగిన్ననుకున్నరు. నేను కూడ అదే నిజమని చెప్పిన. అసలు ముచ్చట కంటె అది చెప్పుడు తేలికగ ఉండె.

గుండ్ల కాడ ఇంకా పెద్ద కథైంది. పెద్దగొల్ల తన మనిషిని ఒకాయనను ఎనక నిలబెట్టిండు. నేను దిగి చక్కగ చెప్పిన: "అన్నా, నువ్వు రానీ రానీ అంటుండు. నేను ఆగాలె అనుకున్నప్పుడు నోరు మూసుకో. గంతే."

"గిదేం బ్రహ్మవిద్యనా, నువ్వు పో" అన్నడు.

ఆయన నడుమ నడుమ ఊపిరి తీసుకుంటుంటె నేను నడుమ నడుమ ఆగిన. ఎట్లనో గుండ్ల సందులోకి చేరిన. అప్పుడు బండి మూల గుండుకు తాకబోతాంది. ఆయన నోరు మూసుకుంటడా? లోకంలో ఎవడైన మూసుకుంటడా? "ఆగు ఆగు ఆగాగాగు" అని మొత్తుకున్నడు. నా కాలుకు మాట తెల్వది, చప్పుడే తెలుసు. ఎనక చప్పుడు జోరుగ ఉన్నది, అంటే రమ్మంటున్నరు. వచ్చిన. ఎనక పలక ఫెళ్లున రెండు ముక్కలైంది.

"ఆగు అంటే ఇంకా ఎనకకు వచ్చేటోన్ని నిన్నే చూసిన్నయ్యా" అని ఆయన తలకాయ పట్టుకున్నడు. ఆ లోపల పొద్దు పొడిచింది. గొర్లు తలలు దించినయ్. ఆ వారం సరుకు పోలేదు.

పెద్దగొల్ల నన్ను పక్కకు పిలిచి, గుండు మీద కూసోబెట్టి, చుట్ట ముట్టిచ్చుకొని మెల్లగ చెప్పిండు. "నీ బాధ నాకెరుకనే అల్లుడా. మా ఇండ్లల్ల గూడ పోయినోళ్లున్నరు. జీవాలకు గివన్ని ఎరుకుండవు గదా. వచ్చే అంగడినాడు పొద్దు పొడవకముందు బండి గట్టుకు పెట్టినవా, ఎప్పటి లెక్కనే. పెట్టకపోతివా, నేను అచ్చంపేట లారీ మాట్లాడుకుంట. కోపం చేయకు."

కోపం ఎందుకు చేస్త? న్యాయమే చెప్పిండు. ఆ సరుకు పోతే బండి అమ్ముకోవాలె. బండి పోతే పోనీ, మళ్ల గొర్ల ఎనక పోత అని మందికి చెప్పుకున్న. లోపల మాత్రం వేరే ఉండె. ఇంట్లో ఆమె ఎన్నడన్న కుదురుగ కూసున్నదా, ఇంట్లో ఆమె జాడ ఉండేటందుకు? ఆమె ఉన్నదంత ఆ పలకల ఎనకనే. దాన్ని ఎవనికో అమ్మి, వాడు దాంట్లో సున్నం బస్తాలు ఏసుకొని పోతాంటె రోడ్డు పక్కన నిలబడి చూడుడు నాతోని కాదు అనిపించింది.

చెవులు పని చేయనప్పుడు కండ్లతోని పని చేయాలె అనుకొని కల్వకుర్తి మిస్త్రీసాబు దగ్గరికి పోయిన. బస్సులాగే కాడ రేకుల షెడ్డు ఆయనది. మిలిటరీలో ట్యాంకులు బాగు చేసిన్నని చెప్పేటోడు. ఏ ట్యాంకు అని అడిగితే నీళ్ల ట్యాంకు కాదులే అని కోపం చేసేటోడు.

"మిస్త్రీసాబ్, బండికి ఎనక రెండు దీపాలు పెట్టాలె."

"ఎనక లాల్ బత్తి ఒకటి ఉన్నది గదా భాయ్?"

"అది నన్ను ఎనకటోనికి చూపెడుతది. నాకు ఎనక కనబడాలె."

"నీకు ఎనక ఏమున్నది భాయ్, చూసుకునేటందుకు?" అని నవ్విండు.

నేను ఎనక పలకల దిక్కు చూసిన. ఆయన నవ్వు మధ్యలో ఆపి, రెంచీ తీసుకొని బండి కిందికి దూరిండు.

కొత్త లారీలకైతే గేరు ఎనకకు ఏయంగనే దీపాలు వాటంతట అవే వెలుగుతయట. మా ముసలిదానికి అసొంటి సోకులు లేవు. ఇంట్లో గోడకు కొట్టే నల్ల స్విచ్చు ఒకటి స్టీరింగు కింద బిగించిండు. బ్యాటరీ నుంచి స్విచ్చుకు ఒక వైరు, స్విచ్చు నుంచి బండి కిందికెళ్లి ఎనకదాకా ఒక వైరు. దీపాలు రెండూ పాత సామాను కుప్పలో దొరికినయ్. ఒకటి విరిగిన మోటరుసైకిలుది, ఒకటి ఎన్నడో మూలకు పడ్డ బస్సుది. ఒకటి చిన్న కన్ను, ఒకటి పెద్ద కన్ను. ఎనక నుంచి చూస్తే బండి పోయేటోళ్లకు కన్ను గీటుతున్నట్టుండె. కిటికీకి కొట్టిన పలక ఊడదీసి విరిగిన ఎనక పలకకు అతుకు ఏసి, కిటికీకి పొట్టేళ్ల మర్యాద కోసం ఇనుప జాలి కొట్టిచ్చిన. అంతా అయినంక స్విచ్చు ఏస్తే చీకటే. మిస్త్రీసాబు బల్బులు మార్చిండు, స్విచ్చు మార్చిండు, బ్యాటరీని తిట్టిండు, బ్యాటరీని చేసినోన్ని తిట్టిండు. ఆఖరుకు ఒక దీపాన్ని ఊడదీసి చేత్తో పట్టుకుంటే దాని ఒళ్లు ఎనక ఇనుప బంపరుకు తగిలింది, భగ్గున వెలిగింది. నెత్తి కొట్టుకున్నడు. "లక్డీ! లక్డీ మీద బిగించిన నేను! పోయిన కరెంటు ఇనుములకెళ్లి వాపస్ రావాలె గదా, కట్టెల నుంచి ఎట్ల వస్తది?" అని, దీపం ఒంటి నుంచి కింది ఇనుప చట్రానికి ఇంకో తీగ కలిపి, "తప్పు నాది కాదు, నీ బండిది" అన్నడు. బండి తరఫున నేను మాఫీ అడిగిన.

తెల్లారి పక్క ఊరి మేకలను నాలుగింటిని ఎక్కించుకొని వచ్చిన. సాయంత్రానికి దీపాలు మళ్ల లేవు. ఆ రోజుల్ల వైరు మీద నూలు అల్లిక ఉండేది. మేకలు పలకల సందులో నుంచి మూతులు పెట్టి ఆ నూలంత తీరుబడిగ నమిలి, రాగితీగను ఉమ్మి పారేసినయ్. మిస్త్రీసాబు తీగ చేతిలో పట్టుకొని, "వీటి పండ్లకు షాకు కొట్టలేదా?" అని అడిగిండు. "మా మేకలకు నీ కరెంటు చట్నీ లెక్క" అన్న. అప్పుడు ఇనుప గొట్టం ఒకటి తెచ్చి, దాంట్లోకెళ్లి వైరు గుచ్చి, చట్రానికి తాళ్లు కట్టినట్టు తీగలతోని బిగించిండు. ఇగ ఏ మేకా ముట్టలేదు.

అంగడినాడు చుక్కలింకా ఉండంగనే గుండ్లకాడికి చేరిన. గొర్లు గట్టు మీద తయారుగ ఉన్నయ్. పెద్దగొల్ల గొంగడి కప్పుకొని నిలబడ్డడు. ఈసారి ఎవరినీ ఎనక నిలబెట్టొద్దని చెప్పిన. గేరు ఏసి, స్విచ్చు నొక్కిన. జాలిలో నుంచి ఎనకకు తిరిగి చూసిన. గుండ్లు రెండూ పాలపొంగు లెక్క తెల్లగ కనబడ్డయ్. గట్టు కనబడ్డది. గట్టు మీద గొర్ల కండ్లు, పచ్చపచ్చగ, ఎన్ని కండ్లో. ఆ కండ్లకు ఇవతల, ఎడమ గుండు పక్కన, మనిషి నిలబడేటంత చదును జాగా ఒకటి కనబడ్డది.

అదే ఆమె జాగా. అన్నేండ్లు ఆమె నిలబడ్డ జాగాను నేను నా సీట్ల నుంచి ఎన్నడూ చూడలేదు. కిటికీకి పలక ఉండె గదా. గొంతు ఒక్కటే ఎరుక. అక్కడ గడ్డి మొలవకుండ నేల నున్నగ అరిగి ఉన్నది. నడుమ ఏ అడ్డం లేదు, ఏ చీకటి లేదు. నా దీపాలు ఆ జాగాను ఎంత మంచిగ చూపెట్టినయంటే, అక్కడ ఎవరూ లేరన్నది కూడ అంత మంచిగ చూపెట్టినయ్.

క్లచ్చు వదిలిన. జానెడు కదిలింది. కాలు బ్రేకు తొక్కింది. ఇంజను బందైంది. దిగి హ్యాండిలు తిప్పి మళ్ల ఎక్కిన. మళ్ల జానెడు, మళ్ల బ్రేకు. కండ్లు పో అంటున్నయ్, కాలు వినదు. తూర్పుకు గుండ్ల పైన ఎరుపు దిగుతాంది. గట్టు మీద ఎవరో దగ్గిండ్రు. పెద్దగొల్ల తూర్పు దిక్కు ఒకసారి చూసిండు. అప్పుడు ఏం తోచిందో, ఎవరు నేర్పిండ్రో, నా నోట్లోకెళ్లే వచ్చింది.

"రానీ."

బండి కదిలింది. "రానీ" అన్న. కాలు ఊరుకున్నది. "రానీ… రానీ… రానీ." గొంతు నాది, ముసలి పొట్టేలు గొంతు. రాగం మాత్రం ఆమెదే, ఊపిరి సందు లేకుండ. క్యాబిన్ల ఒక్కన్నే కూసోని, ఎనకకు మెడ తిప్పి, నన్ను నేనే రమ్మనుకుంట, నన్ను నేనే నమ్ముకుంట వచ్చిన. అటు గుండు పోయింది, ఇటు గుండు పోయింది. గట్టు జానెడు దూరం ఉన్నదనంగ నోరు మూసుకున్న. కాలు బ్రేకు మీద మెత్తగ పడ్డది. పలక గట్టును ముద్దు పెట్టుకున్నట్టు ఆనింది.

గట్టు మీదున్న ఒకాయన పక్కాయనతోని, "ఎవరితోని మాట్లాడుతుండే ఈయన?" అని గుసగుసలాడిండు. పెద్దగొల్ల చుట్ట పారేసి, "మనం గొర్లతోని మాట్లాడుతలేమా? ఎక్కియ్యుండ్రి, పొద్దెక్కుతాంది" అన్నడు. ఎండ తగలకముందే సరుకు ఎక్కింది. అచ్చంపేట లారీ ముచ్చట మళ్ల రాలేదు.

అది జరిగిన కొన్నాళ్లకు పానగల్ పోయిన. మా అత్త ఊరది, నల్లగొండ పక్కన. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె ముందట నిలబడే ధైర్యం లేక అటు దిక్కు పోకనే ఉన్న. ఆమె మాత్రం ఆ దిక్కు నుంచి ఎవరు వచ్చినా కబురు పెడుతనే ఉండె. వాన్ని ఇంకో మనువు చేసుకొమ్మను, వయసున్నది, ఒక్కడే ఎంతకాలం ఉంటడని. కన్నబిడ్డ జాగాలోకి ఇంకొకరిని తెమ్మని తల్లే కబురు పెడుతుంటె ఏం చెప్పాలో తెల్వక, నేను నవ్వులాటకే దిగిన. దీపాలు పెట్టే యాళ్లకు చేరుకొని, ఎనక దీపాలు ఏసి, నోట్లో రానీ రానీ అనుకుంట, ఆమె వాకిట్లకు బండిని చక్కగ ఎనకకు పెట్టిన. మా ముసలి బ్యాటరీ నాలుగు దీపాలను మోయలేదు. ఎనకవి ఏసినప్పుడు ముందటివి బందు పెట్టేటోన్ని. అత్త చాటలో బియ్యం పక్కకు పెట్టి, అరుగు మీద నుంచి అంతా చూసింది, అంతా విన్నది. రానీ అన్న ఆ రాగం ఆమెకు ఎక్కడ తగిలిందో నాకెరుక లేదు. ముఖం మాత్రం కదలలేదు.

నేను కిందికి దూకి, పెద్ద కన్నును ఒకటి, చిన్న కన్నును ఒకటి తట్టి చూపెట్టిన. "అత్తా, మనువు మనువు అని పానం తీస్తివి గదా. ఇగో, ఒకటి కాదు, రెండు తెచ్చిన. తిండి అడుగవు, అలుగవు, అమ్మగారింటికి పోత అనవు. ఇగ నాకేం ఫికరు?"

అత్త అరుగు దిగి వచ్చింది. కొంగుతోని పెద్ద దీపం మీది దుమ్ము తుడిచింది. చెయ్యి అడ్డం పెట్టి, నీడ గోడ మీద ఎంత పెద్దగ పడిందో చూసింది. అక్కడినుంచి బండి పక్క పొంటి మెల్లగ నడుచుకుంట ముందటికి పోయి, చీకట్లో ఉన్న మూతి మీద చెయ్యి పెట్టి నిలబడ్డది.

"ఎనకకు మంచిగనే పెట్టిచ్చినవ్ కొడుకా," అన్నది. "ముందటి దీపాలు బండితోనే వచ్చినయ్ గదా, అవ్వి ఎన్నడు ఏస్తవ్?"